గోనెల గోనె

హంటర్ రోడ్డు, రెండో అంతస్తు.
రాత్రి పదకొండున్నర.
కింద బజ్జీల బండి సుత బందయింది.
ఏటూరునాగారం దవాఖాన నుంచి
ల్యాబుల పనిచేసే పూనెం సారక్క ఫోన్:
"సార్, రిపోర్టు పోతున్నదా? మీ కాడికొస్తున్నదా?"
పోతున్నది.
వస్తలేదు.

ఆమె కంప్యూటరుకున్నది లోపలి నంబరు.
అసొంటివే ఇంకో పది, ఒక కెమెరా,
కాంపౌండరు ఫోను.
అందరికీ కలిపి బయటికి ఒక్కటే చిరునామా.
గడప దాటేటప్పుడు రౌటరు
ఎవరి పేరు వాళ్ళది కొట్టేసి
తన పేరు రాస్తది.
తప్పు పట్టలేం,
చిరునామాలు తక్కువ, ఉండేటోళ్ళు ఎక్కువ.

మొదలు నేను చిరునామా మీద సుత లక్క పోసిన.
పంపే పేరు, చేరే పేరు, లోపలి మాట,
అన్నిటికీ కలిపి ఒకటే ముద్ర.
ఎంత గట్టిగ మూసిన్నో అని మురిసిన.
గడపల పేరు మారింది.
ఇక్కడి నా మిషను ముద్రను చూసి
ఎవడో చెయ్యి పెట్టిండని పారేసింది.
చెయ్యి పెట్టినోడు దొంగ కాదు,
ఒక గుమాస్తా. వాని పని వాడు చేసిండు.

రెండోసారి పేరు జోలికి పోలేదు.
లోపలి మాటనే మూసిన.
ఇగ నేను పంపిన జవాబు అక్కడి గడపల ఆగింది.
మూటకు చీటీ లేదు, పోర్టు నంబరు లేదు,
లోపల ఇంతమందిల ఎవరికియ్యాలె?
ఇయ్యలేదు.
ఇయ్యలేదని చెప్పను సుత లేదు.
లాగుల ఒక్క గీత పడలేదు.

మా నాయిన ఓదెలు
ఎనుమాముల మార్కెట్ల హమాలి.
ముప్పై ఏండ్ల మిర్చి ఘాటు
ఇప్పటికీ ఆయన తుమ్ములల్లున్నది.
కంపెనీ సీలున్న విత్తనాల సంచి వస్తే
దాని మీద నీలిమందు గీత గియ్యనియ్యకపోయేది.
"ఇంకో గోనెల పెట్టుండ్రి,
ఆ గోనె మీద మీ ఆడ్తి నంబరు రాసుకోండ్రి,
కొట్టేసుకోండ్రి, మల్ల రాసుకోండ్రి,
లోపలిదాన్ని ముట్టకుండ్రి" అనేటోడు.
నాకు పన్నెండేండ్లప్పుడు విన్న మాట.
పనికొస్తదనుకోలేదు.

ఇగ గోనె తీసిన.
దాని మీద పోర్టు: నాలుగు వేల ఐదువందలు.
అంతకు ముందు రెండు కొసలూ
ఒకదాన్నొకటి అడుగుకున్నయి:
"నేను బయలెల్లిన పేరు ఇది.
నీకందిన పేరు ఏంది?"
రెండు పేర్లు కలువలేదు.
నడుమ ఎవరో ఉన్నరని తెలిసింది.
లొల్లి లేదు. కోపం లేదు.
మూటను గోనెల వేసినయి.
రౌటరు గోనె మీద రాసుకున్నది,
కొట్టేసుకున్నది.
లక్క లక్కతీరే ఉన్నది.

అయినా గడపల గుమాస్తాకు మతిమరుపు.
నిమిషం మాట లేకుంటే
మనం ఎవరమో చెరిపేస్తడు.
అందుకే ఇరవై సెకండ్లకోసారి
ఒక్క అక్షరం పంపాలె.
దానికి అర్థం లేదు, జవాబు లేదు.
అందుకున్నోడు సుత చదవడు, పడేస్తడు.
అది పోయేది వాని కోసం కాదు,
నడుమ ఉన్నోడు మరువద్దని.

ఒంటిగంట పది.
తాడ్వాయి అడవిల ఏ టేకు కొమ్మా
తీగ మీద పడలేదు ఇయ్యాల.
రిపోర్టు వచ్చింది.
కఫం పరీక్షనో, రక్తం పరీక్షనో,
ఆడమనిషో, మొగోడో.
పస్రల తెల్వది, ములుగుల తెల్వది,
దారి పొడుగునా ఎవలకూ తెల్వది.
పొద్దుగాల విప్పే డాక్టరమ్మకు తప్ప
నాకు సుత తెల్వది.
దారి వేసిన, మూట విప్పలేదు.
తెల్వకుండ ఉండుడే నా కొలువు.

ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది.
సారక్క.
ఎత్తేది కాదు అది.
నేను సుత ఒక్కసారి మోగిచ్చి
కట్ చేసిన.